బడిలో పిల్లల ఆరోగ్యం: పరీక్ష చేసి వదిలేయకుండా చివరిదాకా చూడటం ఎలా

మన జిల్లా పరిషత్ బడుల్లో ఆరోగ్య కార్యక్రమాలకు కొరత లేదు. ఐరన్ మాత్రలు వస్తాయి, నులిపురుగుల మాత్రలు వస్తాయి, ఏడాదికోసారి ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) బృందం వచ్చి పిల్లలందరినీ చూసి వెళ్తుంది. కొరతంతా ఆ తర్వాతే. జులైలో చూపు తక్కువని రాసిన పిల్లవాడు మార్చిలోనూ వెనక బెంచీలో కూర్చుని, పక్కవాడి నోటుపుస్తకం చూసి రాసుకుంటూ ఉంటాడు. సమస్యను కనిపెట్టారు, కాగితం మీద రాశారు, అక్కడితో ఆగిపోయింది. ఇలా ఆగిపోకుండా ఉండటానికి రెండు వందల మంది పిల్లలున్న హైస్కూల్లో ఏం చేయాలో, ఎంత చేయాలో, ఎక్కడ తప్పు జరుగుతుందో ఇక్కడ రాస్తున్నాం.

ముందు ఇద్దరు టీచర్లు, ఒక రిజిస్టరు

2020 ఫిబ్రవరిలో మొదలైన ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రకారం ప్రతి బడిలో ఇద్దరు టీచర్లు, వీలైతే ఒక మేడమ్, ఒక సార్, ఆరోగ్య రాయబారులుగా ఉండాలి. ఎదుగుదల, పోషణ, మనసు, మత్తు పదార్థాలు, ఇంటర్నెట్ వాడకం లాంటి 11 అంశాల మీద వారానికి ఒక గంట తరగతి తీసుకోవాలి. చాలా బడుల్లో ఈ పేర్లు ఫైల్లోనే ఉండిపోతాయి. అందుకు కారణం టీచర్ల బద్ధకం కాదు, టైంటేబుల్లో ఆ గంట లేకపోవడం. కాబట్టి హెచ్‌ఎం చేయాల్సిన మొదటి పని, జూన్‌లో టైంటేబుల్ వేసేటప్పుడే ఆ పీరియడ్‌ను తరగతి పేరుతో, టీచరు పేరుతో రాయడం. శనివారం చివరి పీరియడ్‌లో మాత్రం పెట్టవద్దు. ఏ సెలవు వచ్చినా, ఏ మీటింగ్ పడినా ముందు పోయేది అదే.

ఇక రిజిస్టరు. కొత్త ఫార్మాట్లు అక్కర్లేదు. ఒక లాంగ్ నోటుబుక్కులో ఈ గళ్లు గీయండి: పేరు, తరగతి, ఏం కనిపించింది, ఏ తేదీన, ఎక్కడికి పంపాం, ఇంట్లో ఎవరు తీసుకెళ్తామన్నారు, వెళ్లారా, అక్కడ ఏం ఇచ్చారు, మళ్లీ ఎప్పుడు చూడాలి. కళ్లద్దాలు ముక్కు మీదికి వచ్చేదాకా, పుచ్చిపోయిన పన్నుకు వైద్యం జరిగేదాకా ఆ వరుస కొట్టేయకూడదు. ‘పంపాం’ అన్న గడి నిండితే పని అయిపోయినట్టు కాదు. నెలకోసారి ఆ ఇద్దరు టీచర్లు, ఏఎన్ఎం కలిసి పదిహేను నిమిషాలు కూర్చుని కొట్టేయని వరుసలు మాత్రమే చదవాలి.

ఈ పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేయండి. ఎవరికి ఏ జబ్బు ఉందో నోటీసు బోర్డు మీద, వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు. పిల్లలు దాన్ని ఏళ్ల తరబడి మోస్తారు.

చూపు: బడిలోనే చేయగలిగిన పరీక్ష

తెలంగాణలో 2018 ఆగస్టు 15న ఉచిత కంటి పరీక్షల కార్యక్రమం కంటి వెలుగు మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబర్ 10న ఇదే పేరుతో బడి పిల్లలతోనే మొదలుపెట్టారు. దూరపు చూపు మందగించడం ఎక్కువగా పదేళ్ల నుంచి పదహారేళ్ల మధ్య ముదురుతుంది. అందుకే ఆరో తరగతిలో ఒకసారి చూసి ఊరుకుంటే చాలదు, ఆరు నుంచి పది దాకా ఏటా జూన్, జులైల్లో చూడాలి.

ఆరోగ్యశాఖ ఇచ్చే కార్డు లేకపోతే మీరే తయారుచేసుకోవచ్చు. తెల్లటి గట్టి అట్ట మీద ఇంగ్లిష్ ‘ఈ’ పెద్దక్షరం ఒక్కటే నల్లగా గీయండి. ఎత్తు 13 మిల్లీమీటర్లు, వెడల్పు 13 మిల్లీమీటర్లు. మూడు అడ్డగీతలు, వాటి మధ్య రెండు ఖాళీలు, అన్నీ సమానంగా 2.6 మిల్లీమీటర్ల చొప్పున ఉండాలి. ఆరు మీటర్ల దూరం నుంచి చూస్తే ఇది కంటి డాక్టర్ల చార్టులో 6/9 వరుసకు సమానం. కొలత తప్పితే పరీక్షే తప్పు, కాబట్టి కంప్యూటర్లో గీసి ప్రింటు తీయించి, స్కేలుతో కొలిచి చూసుకోండి.

టేపుతో ఆరు మీటర్లు కొలిచి నేల మీద సుద్దగీత వేయండి. గది చిన్నదైతే వరండాలో పెట్టుకోండి. వెలుతురు కార్డు మీద పడాలి, కార్డు వెనక కిటికీ ఉండకూడదు. గీత మీద మడమలు పెట్టి నిలబడ్డ పిల్లవాడు అక్షరం కొమ్ములు ఎటు తిరిగితే అటు చెయ్యి చూపిస్తాడు: పైకి, కిందికి, కుడికి, ఎడమకి. ఒక్కో కంటికి ఐదుసార్లు తిప్పి చూపించండి. నాలుగు సరిగ్గా చెబితే ఆ కన్ను బాగున్నట్టే. అంతకంటే తక్కువైతే ఆ పేరు రిజిస్టర్లోకి వెళ్లాలి.

ఇక్కడ జరిగే తప్పులు నాలుగైదే, కానీ అన్ని బడుల్లోనూ అవే. వేళ్లతో కన్ను మూసుకుంటే సందుల్లోంచి చూస్తారు. అరచేతితో గట్టిగా నొక్కుకుంటే, రెండో వంతులో ఆ కన్ను కాసేపు మసకగా ఉంటుంది. అందుకే అట్టముక్కను కన్నుకు తగలకుండా అడ్డం పెట్టించండి. కళ్లు చికిలించి చూస్తే దూరపు చూపు తక్కువున్నవాళ్లు కూడా గట్టెక్కేస్తారు, చికిలించనివ్వకండి. మిగతా పిల్లలు పక్కన గుమిగూడితే జవాబులు అందిస్తారు. కళ్లద్దాలున్న పిల్లలను అద్దాలతోనే పరీక్షించాలి, ఎందుకంటే పాత అద్దాలు ఇంకా సరిపోతున్నాయో లేదో తేలాల్సింది అక్కడే. ఒక్కరికి రెండు నిమిషాలు పడుతుంది. ఇద్దరు టీచర్లు రెండు కార్డులతో కూర్చుంటే నలభై మంది ఒక్క పీరియడ్‌లో అయిపోతారు.

ఈ పరీక్షకు దొరకనివాళ్లు కూడా ఉంటారు. చదివితే తలనొప్పి అనేవాళ్లను, మెల్లకన్ను ఉన్నవాళ్లను, చీకటి పడితే తడుముకునేవాళ్లను, కంటి తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చలున్నవాళ్లను, కార్డు సరిగ్గా చదివినా సరే పంపాల్సిందే.

ఒక్కొక్కరిని విడిగా పంపితే సగం మంది వెళ్లరు, కూలి పోతుందని తల్లిదండ్రులు వాయిదా వేస్తారు. పదిహేను ఇరవై పేర్లు చేరాక, కంటి పరీక్ష చేసే ఆప్తాల్మిక్ అసిస్టెంట్ మీ పీహెచ్‌సీకి ఏ రోజు వస్తారో కనుక్కుని, అందరినీ ఒకే పూట ఒక టీచరుతో, ఆశా కార్యకర్తతో పంపండి. అద్దాలు వచ్చాక అసలు పని మొదలవుతుంది. నెల తర్వాత తరగతిలోకి వెళ్లి చూస్తే కొందరి అద్దాలు సంచిలోనే ఉంటాయి. ఎగతాళి చేస్తారని కొందరు, పెళ్లికి అడ్డమవుతుందని ఇంట్లో అంటే కొందరు ఆడపిల్లలు, కాడ విరిగి కొందరు పెట్టుకోరు. కారణం అడిగి రాసుకోండి. ఎగతాళికి తరగతి టీచరు సమాధానం చెప్పాలి, ఇంటివాళ్లకు మేడమ్ చెప్పాలి. విరిగిన కాడకు చిన్న స్క్రూ చాలు.

ఐరన్ మాత్ర: వారానికొకటి, అన్నం తిన్నాకే

5 నుంచి 10 ఏళ్ల లోపు పిల్లలకు గులాబీ రంగు మాత్ర. అందులో 45 మిల్లీగ్రాముల ఐరన్, 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. 10 నుంచి 19 ఏళ్లవాళ్లకు నీలం మాత్ర. అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం. రెండూ వారానికి ఒకటే. ఆడపిల్లలకే అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు, మగపిల్లలకూ ఇవ్వాలి.

ఈ కార్యక్రమం మాత్రల కొరత వల్ల ఎంత చెడుతుందో, మొదటి వారం వచ్చే కడుపు తిప్పుడు వల్ల అంతకంటే ఎక్కువ చెడుతుంది. పొద్దున ఏమీ తినకుండా వచ్చిన పిల్లకు ప్రార్థన సమయంలో మాత్ర ఇస్తే వికారం వస్తుంది. ఒకరు వాంతి చేసుకుంటే చూసినవాళ్లు పదిమంది పొట్ట పట్టుకుంటారు. సాయంత్రానికి ఊళ్లో మాత్రలు వికటించాయని పుకారు, మరుసటి వారం ఎవరూ నోరు తెరవరు. అందుకని:

మధ్యాహ్న భోజనం అయ్యాక అరగంట ఆగి ఇవ్వండి. పాలు, టీ, రాగిజావ తాగిన వెంటనే ఇవ్వకండి, ఐరన్ ఒంటికి పట్టదు. ఆ రోజు భోజనంలో నిమ్మకాయ పిండిన పులిహోరో, ఉసిరికాయ పచ్చడో ఉంటే మరీ మంచిది, పులుపులోని సి విటమిన్ ఐరన్‌ను లోపలికి లాగుతుంది. ముందు టీచర్లు పిల్లల ఎదుటే మాత్ర వేసుకోవాలి. మాత్రను నమలకుండా నీళ్లతో మింగించి, మీ కళ్లముందే మింగారని చూసి అప్పుడు టిక్ పెట్టండి. ఇంటికి పట్టుకెళ్లి వేసుకుంటామంటే ఒప్పుకోకండి. మలం నల్లగా వస్తుందని, భయపడే పని లేదని ముందే చెప్పండి. చెప్పకపోతే తల్లులు హడలిపోతారు. ఎవరికైనా వికారంగా ఉంటే హడావిడి చేయకుండా నీడలో, మిగతావాళ్లకు దూరంగా పడుకోబెట్టండి. మాత్రల వల్ల వచ్చే వికారం కాసేపట్లో తగ్గుతుంది, తగ్గకపోతే పీహెచ్‌సీకి ఫోన్ చేయండి.

జ్వరంతో ఉన్న పిల్లలకు ఆ వారం ఆపాలి. తలసీమియా, సికిల్ సెల్ ఉన్న పిల్లలకు డాక్టరు చెప్పనిదే ఇవ్వకూడదు. పాడేరు, ఉట్నూరు, భద్రాచలం వైపు గిరిజన ప్రాంతాల బడుల్లో ఈ ప్రశ్న తప్పకుండా అడిగి తీరాలి.

లెక్క ఇలా వేసుకోండి: 200 మంది, నెలకు నాలుగైదు వారాలు, అంటే 800 నుంచి 1000 మాత్రలు. రెండు నెలల నిల్వ ఉండగానే ఇండెంట్ పంపండి. డబ్బాను కిటికీ పక్కన, ఎండ తగిలేచోట పెట్టవద్దు. గడువు తేదీ దగ్గర పడ్డవి ముందు వాడండి.

రక్తపరీక్ష చేసినప్పుడు, 11 ఏళ్ల దాకా హిమోగ్లోబిన్ 11.5 గ్రాములకు తగ్గితే, 12 నుంచి 14 ఏళ్లవాళ్లకు, ఆపై వయసు ఆడపిల్లలకు 12కి తగ్గితే, 15 దాటిన మగపిల్లలకు 13కి తగ్గితే రక్తహీనత. ఎనిమిదికి తగ్గితే తీవ్రం, అదే వారం ఆసుపత్రికి వెళ్లాలి. రక్తహీనత తేలిన పిల్లలకు వారపు మాత్ర సరిపోదు, డాక్టరు రోజువారీ మోతాదు రాస్తారు. బడిలో మాత్ర ఇస్తున్నాంలే అని ఆగిపోవడం తరచూ జరిగే పొరపాటు.

ఐరన్ పనిచేయాలంటే పొట్టలో పురుగులు ఉండకూడదు. ఫిబ్రవరి 10, ఆగస్టు 10న అల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి. ఇది మింగేది కాదు, బాగా నమలాలి. చిన్నపిల్లలు గుటుక్కున మింగబోయి గొంతుకు అడ్డం పడించుకుంటారు, దగ్గరుండి నమిలించండి. ఆ రోజు రానివాళ్లకు వారం తర్వాత రెండో విడత ఉంటుంది, వాళ్ల పేర్లు అదే రోజు రాసిపెట్టుకోండి.

భోజనం, చేతులు, నీళ్లు

మధ్యాహ్న భోజనంలో ఆరు నుంచి ఎనిమిది తరగతులవాళ్లకు తలా 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, 7.5 గ్రాముల నూనె ఉండాలి. ప్రాథమిక తరగతులకు 100, 20, 50, 5 గ్రాములు. అంటే 120 మంది తినే రోజు పొయ్యి మీదికి 18 కిలోల బియ్యం, 3.6 కిలోల పప్పు, 9 కిలోల కూరగాయలు, 900 గ్రాముల నూనె వెళ్లాలి. బియ్యంలో తేడా రాదు, తేడా వచ్చేది పప్పులో. ధరలు పెరిగి బిల్లులు ఆలస్యమైతే వంట చేసే అక్కలు అప్పు తెచ్చి వండుతుంటారు, పప్పు పల్చబడేది అందుకే. వాళ్లను నిలదీసే ముందు బిల్లు ఎక్కడ ఆగిందో కనుక్కోండి. వారంలో ఒకరోజు, ముందు చెప్పకుండా, పప్పు తూకం వేసి రాసుకోండి.

వడ్డించే ముందు ఒక టీచరు రుచి చూసి సంతకం పెట్టాలన్న నియమం వెనక ప్రాణాలున్నాయి. 2013 జులైలో బీహార్ సారణ్ జిల్లాలో బడిభోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో పురుగుమందు కలిసింది. ఆ రోజు వంటమనిషి నూనె వాసన తేడాగా ఉందని చెప్పినట్టు బయటకు వచ్చింది. కాబట్టి వంటచేసే అక్క ఏదో తేడాగా ఉందంటే ఆ రోజుకు వంట ఆపేయాలి, ఆ అధికారం ఆమెకుందని ముందే చెప్పాలి. పురుగుమందు డబ్బాలు, ఫినాయిల్, బ్లీచింగ్ వంటసామాను ఉన్న గదిలోకే రాకూడదు. మన పల్లెల్లో పత్తి, మిర్చి చేలు బడిగోడ పక్కనే ఉంటాయి, ఖాళీ డబ్బాలు తెచ్చి వాడుకోవడం మామూలు. అదే ప్రమాదం.

చేతులు కడగడానికి అందరికీ మనసుంటుంది, కుళాయిలే ఉండవు. ఒక్కరికి సబ్బుతో రుద్ది కడగడానికి నిమిషం పడుతుంది. రెండు వందల మందికి రెండు కుళాయిలుంటే గంటా నలభై నిమిషాలు, పది ఉంటే ఇరవై నిమిషాలు. పది కుళాయిలు కొనక్కర్లేదు. అంగుళం పీవీసీ పైపుకు అర మీటరు ఎడంగా కింద వైపు చిన్న రంధ్రాలు వేసి, ఒక చివర మూత, ఇంకో చివర వాల్వు బిగించి, పిల్లల నడుము ఎత్తులో గోడకు కట్టండి. సబ్బులు పెడితే మాయమవుతాయి, మురికి గుంటలో పడతాయి. లీటరున్నర నీళ్లసీసాలో 30 గ్రాముల డిటర్జెంట్ పొడి కలిపి, మూతకు చిన్న రంధ్రం చేసి, తాడుతో కట్టేస్తే వారమంతా నడుస్తుంది.

తాగునీటి ట్యాంకును నెలకోసారి ఖాళీ చేసి రుద్దించాలి. 1000 లీటర్లకు 4 గ్రాముల తాజా బ్లీచింగ్ పొడితో మొదలుపెట్టండి. దాన్ని నేరుగా చల్లవద్దు. బకెట్లో కొద్దినీళ్లతో కలిపి, సున్నం అడుగున పేరుకున్నాక పైన తేరిన నీళ్లు మాత్రమే ట్యాంకులో పోయాలి. గంట ఆగాక చివరి కుళాయి దగ్గర, నీళ్లలో మిగిలిన క్లోరిన్‌ను కొలిచే క్లోరోస్కోపుతో చూస్తే లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. ఏమీ చూపించకపోతే పొడి పాతదై ఉండొచ్చు, తెరిచి ఉంచిన సంచిలో క్లోరిన్ ఎగిరిపోతుంది. ఇక నల్గొండ, ప్రకాశం జిల్లాల్లాంటి చోట్ల బోరునీళ్లలో ఫ్లోరైడ్‌ను తప్పక పరీక్ష చేయించాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పిల్లలకు ఇవ్వకూడదు. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పళ్ల మీద గోధుమరంగు చారలున్న పిల్లలు ఎంతమందో లెక్కపెట్టి చూస్తే, మీ నీటి చరిత్ర తెలిసిపోతుంది.

ఆడపిల్లల మరుగుదొడ్డి

మధ్యాహ్నం దాకా గుక్కెడు నీళ్లు తాగని ఆడపిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. దొడ్డికి గొళ్లెం లేకపోవడమో, లోపల నీళ్లు లేకపోవడమో కారణం. ఫలితం మూత్రంలో మంట, కడుపునొప్పి, ఎండాకాలంలో కళ్లు తిరిగి పడిపోవడం. పిల్లలు నీళ్లు తాగాలని గుర్తుచేసే వాటర్ బెల్ కొట్టే ముందు గొళ్లెం బిగించండి. లోపల నీళ్లు, బట్టలు తగిలించుకునే కొక్కెం, మూత ఉన్న చెత్తడబ్బా ఉండాలి. నెలసరి ప్యాడ్లను ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేస్తే, సార్‌ని అడగలేక పిల్ల ఇంటికి వెళ్లిపోతుంది. ఆడపిల్లలు ఎవరినీ అడగకుండా తీసుకునే చోట పది ప్యాడ్లు, రెండు పాత లంగాలు ఎప్పుడూ ఉంచండి. డబ్బా రోజూ ఎవరు తీస్తారో పేరు పెట్టి తేల్చండి, అది తేలని బడిలో వారం తర్వాత ఆ దొడ్డికి తాళం పడుతుంది.

గజ్జి గురించి ఒక్కమాట. వేళ్ల సందుల్లో పొక్కులు, రాత్రిపూట దురద కనిపిస్తే పిల్లవాడికి ఒక్కడికే మందు రాస్తే రెండు వారాల్లో మళ్లీ వస్తుంది. ఇంటిల్లిపాదీ ఒకే రోజు రాసుకోవాలి, దుప్పట్లు వేడినీళ్లలో ఉడికించి ఎండలో వేయాలి. హాస్టల్ అయితే గదంతా.

మనసు

ఇక్కడ కార్డు లేదు, కొలత లేదు, టీచరు కన్నే కొలత. బాగా చదివే పిల్ల ఉన్నట్టుండి వెనకబడటం, స్నేహితులకు దూరంగా అన్నం తినడం, తరచూ కడుపునొప్పి అని ఇంటికి వెళ్లిపోవడం, చేతుల మీద గాట్లు, తన వస్తువులు పంచిపెట్టడం, తాను లేకపోతే బాగుండునన్న మాట. వీటిలో ఏది రెండు వారాలు కనిపించినా పక్కకు పిలవండి. చివరి రెండు సూచనలకు మాత్రం రెండు రోజులు కూడా ఆగకూడదు.

పిలిచే పద్ధతి ముఖ్యం. స్టాఫ్ రూములో నలుగురి ముందు కాదు, తలుపు మూసిన గదిలోనూ కాదు, కనిపించే చోట, వినపడనంత దూరంలో. ‘ఏమైంది నీకు, బాగా చదివేదానివి కదా’ అంటే నోరు మూసుకుంటుంది. ‘ఈమధ్య నువ్వు అన్నం సరిగ్గా తినడం లేదు, గమనించానమ్మా’ అని చూసింది చెప్పి ఊరుకోండి. మౌనాన్ని మీరు నింపకండి. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగా అడగవచ్చు, అడిగితే ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఆ పిల్లను ఒంటరిగా వదలకూడదు. తల్లిదండ్రులను పిలిపించాలి, 14416కు ఫోన్ చేయాలి. అది 2022లో మొదలైన టెలిమానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి, ‘నీకు సాయం చేయగలిగేవాళ్లకే చెబుతాను’ అనండి. లైంగిక వేధింపు సంగతి బయటపడితే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. బడి పరువని దాచిపెట్టడం నేరం. చైల్డ్‌లైన్ నంబరు 1098.

పదో తరగతి ఫలితాల రోజు బడి సెలవుల్లో ఉంటుంది. ఆ రోజే ఎక్కువ అవసరం. తప్పుతారని భయమున్న పిల్లల ఇళ్లకు ముందురోజు ఫోన్ చేసి, సప్లిమెంటరీ తేదీలు చెప్పి, ఆ పూట పిల్లను ఒంటరిగా ఉంచవద్దని చెప్పండి. ఐదు నిమిషాల ఫోను అది.

ఏడాది చివర

ఏప్రిల్‌లో రిజిస్టరు తెరిచి ఇంకా కొట్టేయని వరుసలు విడిగా రాయండి. పదో తరగతి దాటి వెళ్లిపోయే పిల్లలవి ముందు చూడాలి, జూన్‌లో వాళ్లు మీ దగ్గర ఉండరు. ఏం తేలింది, ఎక్కడికి వెళ్లాలి అన్నది ఒక చీటీ మీద రాసి టీసీతో పాటు తల్లిదండ్రుల చేతికివ్వండి, ఇంకో చీటీ ఆ ఊరి ఆశా కార్యకర్తకు. మిగతావాళ్లకు వేసవి వారాలకు సరిపడా ఐరన్ మాత్రలు లెక్కపెట్టి తల్లుల చేతికే ఇవ్వండి. అన్నం తిన్నాకే వేయాలని, చిన్నపిల్లలకు అందకుండా ఎత్తులో పెట్టాలని చెప్పండి. మిఠాయి అనుకుని ఒకేసారి ఎక్కువ మింగితే ఐరన్ ప్రాణం మీదికి తెస్తుంది, అలా జరిగితే వెంటనే 108కి ఫోన్ చేయాలి.